ఇల్లంతా చూపించమనే పరీక్షలు

డిసెంబరులో హైదరాబాదులో మన ప్రవాసుల సంఘం జరిపిన ఉపకార వేతనాల సభకు వచ్చినవారిలో ఎంతమందికి ఆ వీడియో గుర్తుందో తెలియదు. నా మనసులోంచి మాత్రం పోవడం లేదు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, దాతల సన్మానం అయ్యాక, వేతనాలకు పిల్లలను ఎంచుకునే ఆన్‌లైన్ పరీక్షను ఈ ఏడు ఎంత కట్టుదిట్టంగా జరిపామో చెప్పడానికి కార్యవర్గ సభ్యులొకరు తెర మీద కొన్ని దృశ్యాలు వేశారు. పరీక్ష రాస్తున్న పిల్లల వెబ్‌క్యామ్ రికార్డింగులవి. ఒకదాంట్లో ఒక అమ్మాయి మాటిమాటికీ ఎడమవైపు చూస్తోంది. వెనుక దండెం మీద తడిబట్టలు, రంగు పోయిన బీరువా, నేల మీద బనియనుతో నిద్రపోతున్న తండ్రి. "కళ్ళు ఎటు పోతున్నాయో చూడండి, సాఫ్ట్‌వేర్ వెంటనే పట్టేసింది" అన్నారాయన. సభ నవ్వింది. విచారిస్తే తప్పేమీ లేదని తేలిందనీ, ఆ అమ్మాయి ఎంపికైందనీ కూడా ఆయనే చెప్పారు. అంటే ఆ పిల్ల అదే సభలో, చెక్కులు అందుకోవలసిన వరుసలో, తల్లి పక్కనే కూర్చుని ఉంది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

నిర్వాహకుల నిజాయతీని నేను శంకించడం లేదు. అంతకు ముందు ఏడాది ఒకే జవాబు, ఒకే అక్షర దోషంతో సహా, చాలా పత్రాల్లో వచ్చింది. దాతలు నిలదీశారు. రాత్రిళ్ళు కూర్చుని చదివిన పిల్లకు దక్కాల్సిన డబ్బు కాపీ కొట్టినవాడి చేతికి పోవడం చిన్న అన్యాయం కాదు. అరికట్టాల్సిందే. కానీ అందుకోసం ఒక కుటుంబం ఇంటిని తెర మీద పరిచే హక్కు మనకు ఎవరిచ్చారు?

ఆ సెలవుల్లోనే చిక్కడపల్లిలో మా అన్నయ్య ఇంట్లో ఇలాంటి పరీక్షను దగ్గరి నుంచి చూశాను. మా మేనకోడలు ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో పీజీ చదువుతోంది. ఇల్లు రెండు గదులు. ముందు గదిలో అమ్మ మంచం, టీవీ. లోపలి గదిలోనే దేవుడి అర, బట్టలు, వదిన మందులు. పరీక్ష మొదలయ్యే ముందు ల్యాప్‌టాప్ ఎత్తి నాలుగు గోడలూ, పైకప్పూ, మంచం కిందా చూపమని తెర మీద ఆదేశం వచ్చింది. ఆ పిల్ల చూపించింది. కిటికీ గట్టు మీద వదిన మందుల డబ్బా దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆమెకు ఏ జబ్బో మా ఇంట్లో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఎవరి కంప్యూటర్లోనో ఆ డబ్బా కూడా ఉంది.

పది గంటలకు అమ్మ అలవాటుగా విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. గదిలో మరొకరి గొంతు వినిపిస్తోందని తెర మీద హెచ్చరిక వచ్చింది. వదిన పరుగెత్తుకొచ్చి సైగ చేసింది. సగంలో ఆపడం అమ్మకు ప్రాణం మీదికి వచ్చినట్టే. మారు మాట్లాడకుండా పుస్తకం పట్టుకుని బయటికి వెళ్ళి, మోకాళ్ళ నొప్పితో మెట్ల మీద కూర్చుంది. పరీక్ష అయ్యేదాకా లోపలికి రాలేదు. కుక్కర్ పెట్టడానికి కూడా వదిన జంకింది. మేనకోడలు బయటికి వచ్చి అన్నది ఒక్కటే: "అత్తా, ఆలోచించేటప్పుడు పైకి చూడటం నాకు అలవాటు. ఈసారి ఆలోచించాలంటేనే భయమేసింది."

ఈ సంగతి చెబితే మనవాళ్ళే కొందరు, ఇంట్లో వాళ్ళకు లేని పట్టింపు నీకెందుకన్నారు. నిజమే, గది తలుపు వేసుకుంటే లోపల ఏం చేస్తున్నావని అడిగే ఇళ్ళు మనవి. చుట్టం గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మార్కులెన్ని అంటాడు. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ర్యాంకులతో పిల్లల ముఖాలు హోర్డింగుల మీద ఉంటాయి. ఇది మంచి అలవాటని నేను అనను. కానీ అవే ఇళ్ళలో పరాయివాడు గడప బయటే ఆగి పిలుస్తాడు. జబ్బునూ అప్పునూ ఇంటిగుట్టుగా దాచుకుంటారు. ఒకే గదిలో అయిదుగురు బతికేవారికి ఆ గడప తప్ప వేరే తెర లేదు. సొంత గది ఉన్న పిల్లకు కెమెరా కాసేపటి ఇబ్బంది. అది లేని పిల్లతో పాటు ఇల్లంతా పరీక్షకు కూర్చుంటుంది.

అమెరికాలో నేనుండే ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు ఈ విషయం మీదే కోర్టుకు వెళ్ళాడు. కెమిస్ట్రీ పరీక్షకు ముందు గది చూపించమన్నారు. నిమిషం కూడా పట్టని పని. అయినా అది అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణకు విరుద్ధమైన సోదా అని 2022 ఆగస్టులో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పిచ్చారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం 2017 ఆగస్టు 24నే చెప్పింది. కృష్ణా జిల్లావారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ అందులో ఒకరు.

పోనీ, ఇంత చేస్తే కాపీ ఆగుతుందా? నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో 30 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేసి 2021లో ప్రకటించారు. ఆరుగురిని కావాలనే కాపీ కొట్టమన్నారు. సాఫ్ట్‌వేర్ ఒక్కరినీ పట్టలేకపోయింది. ఇక మన దగ్గర పిల్లల బతుకులు తలకిందులు చేసిన లీకులు ఎక్కడి నుంచి వచ్చాయో అందరికీ తెలుసు. 2016 ఎంసెట్-2 ప్రశ్నపత్రం ప్రింటింగ్ ప్రెస్ నుంచి బయటికి పోయింది. 2023లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేపర్లు ఆఫీసు లోపలి నుంచే పోయాయి. మంచం కింద కెమెరా పెట్టి వీటిలో దేన్ని ఆపగలిగేవాళ్ళం?

రాసేది ఎవరో తేల్చుకోవడం వేరు, అది ఎవరూ కాదనరు. బయోమెట్రిక్ తీసుకోలేదన్న లోపం కూడా చూపే 2023లో గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను తెలంగాణ హైకోర్టు రద్దు చేసింది. వేలిముద్ర వేయించండి, హాల్‌టికెట్ చూడండి. కానీ అది పరీక్ష కేంద్రం గుమ్మం దగ్గర జరగాలి. 1982లో మొదలై ఇప్పుడు మన హైదరాబాదులోనే ఉన్న అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదువు ఇంటి దగ్గరైనా పరీక్ష కేంద్రంలోనే. అక్కడ ఇన్విజిలేటర్ పిల్లను చూస్తాడు. పిల్ల తండ్రి ఎలా పడుకుంటాడో చూడడు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. మన దగ్గరా, పరీక్ష నడిపిన కంపెనీ దగ్గరా ఉన్న రికార్డింగులన్నీ ఈ నెలలోనే చెరిపించండి, చెరిపినట్టు పిల్లలకు ఉత్తరం రాయండి. పని తీరాక వివరాలు చెరిపేయాలనే 2023 నాటి డేటా పరిరక్షణ చట్టం కూడా చెబుతోంది. తెర మీద చూపిన పిల్లల ఇళ్ళకు ఒకరు స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పాలి, ఫోనుతో సరిపెట్టకూడదు. వచ్చే ఏడు ఏదైనా కాలేజీ హాలు అద్దెకు తీసుకుని పరీక్ష పెడదాం, పిల్లలకు బస్సు చార్జీలు సంఘమే ఇస్తుంది. రాలేనివారిని వాళ్ళు రాసిన జవాబు మీదే అయిదు నిమిషాలు ఫోనులో ప్రశ్నలడిగితే, సొంతంగా రాసిందీ లేనిదీ ఇట్టే తెలిసిపోతుంది. దీనికి ఖర్చు కంటే మనుషులు కావాలి. డిసెంబరులో హైదరాబాదు వచ్చే సభ్యులు ఒక్క ఆదివారం ఉదయం ఇవ్వండి. ఇన్విజిలేషనుకు నా పేరు ముందే రాసుకోమని కార్యదర్శి గారికి చెప్పాను. మీ పేర్లు కూడా దసరా లోపు ఇవ్వండి.