పేరుకు హాలిడే, చేసేది కూలి

ఆస్ట్రేలియా ‘వర్క్ అండ్ హాలిడే’ వీసా 2024లో మనవాళ్లకూ అందుబాటులోకి వచ్చింది. వయసు 18 నుంచి 30 ఏళ్లు ఉండాలి, ఏటా వెయ్యి వీసాలు, ఎంపిక లాటరీలో. మొదటి రెండు వారాల్లోనే దాదాపు 40 వేల మంది పేర్లిచ్చారని అక్కడి సహాయ మంత్రి చెప్పారు. ఏడాదిపాటు తిరగొచ్చు, ఖర్చులకు పని చేసుకోవచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది.

రెండో ఏడాది కావాలంటేనే అసలు కథ. మారుమూల ప్రాంతాల్లో 88 రోజులు, ప్రభుత్వం చెప్పిన పనులే చెయ్యాలి. మూడో ఏడాదికైతే ఆరు నెలలు. ఆ పనుల్లో నిర్మాణం లాంటివీ ఉన్నాయి కానీ, చాలామంది చివరికి తేలేది తోటల్లోనే.

ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్, కేథరిన్ వైపు మామిడి కోతలు మనకు దసరా, దీపావళి రోజుల్లో జోరుగా సాగుతాయి. ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. ముచ్చిక తెగగానే చిమ్మే సొన ఏం చేస్తుందో నూజివీడులో ఎవర్నడిగినా చెబుతారు. ఆ ఆస్ట్రేలియా తోటల్లో కోత యంత్రం మీదే సబ్బు నీళ్లు పారిస్తారు, ఒళ్లంతా కప్పే బట్టలు, గ్లౌజులు తప్పనిసరి. అయినా కొత్తవాళ్ల చేతులూ మొహమూ పొంగుతూనే ఉంటాయి.

పని కష్టమన్నది నా అభ్యంతరం కాదు. క్యాజువల్ కూలికి చట్టప్రకారం గంటకు 30 ఆస్ట్రేలియా డాలర్లు దాటుతుంది, అది చిన్న మొత్తమేమీ కాదు. పైగా గుత్త పనిలోనూ గంటకు కనీస కూలి దక్కాలని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చింది. ఆస్ట్రేలియన్ వర్కర్స్ యూనియన్ పోరాడితే, కూలి వివాదాలు తేల్చే ఫెయిర్ వర్క్ కమిషన్ ఇచ్చిన తీర్పు అది. అంతకుముందు బిన్నుకు, అంటే పండ్లు నింపే పెద్ద పెట్టెకు, ఇంత అని ఇచ్చిందే కూలి.

కానీ చట్టం అడగమన్నా, అడిగే ధైర్యం ఉండాలిగా! 88 రోజులు చేసినట్టు జీతం స్లిప్పులు చూపించాలి. సగంలో కాంట్రాక్టర్‌తో గొడవ పెట్టుకుంటే మరో తోట దొరికేదాకా లెక్కలో ఒక్క రోజూ కలవదు, వీసా గడువు మాత్రం కరిగిపోతుంది. బండబర్గ్ లాంటి ఊళ్లలో హాస్టల్ వాళ్లే పని కూడా చూపిస్తారు. వాన పడి కోత ఆగిన వారంలోనూ మంచం అద్దె కట్టాల్సిందే. ఆ టెన్షన్‌లో కూలి తక్కువిచ్చారని ఎవరు నోరెత్తుతారు?

ఈ 88 రోజుల షరతు లేకపోతే పండ్లు చెట్ల మీదే కుళ్లిపోతాయని రైతులు అంటారు. కోవిడ్‌లో సరిహద్దులు మూసినప్పుడు వాళ్లు పడ్డ ఇబ్బంది నిజమే. అయితే కూలీల కొరతకు మందు మంచి కూలి, ఉండటానికి సరైన చోటు. వీసాతో ముడిపెట్టి కూలీని కట్టేయడం కాదు. అంత అవసరమైన షరతే అయితే బ్రిటన్ వాళ్లకు ఎందుకు తీసేశారు? వాణిజ్య ఒప్పందంలో భాగంగా 2024 జూలై 1 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారు తోట మొహం చూడకుండానే మూడేళ్లూ గడపొచ్చు. బేరమాడితే పోయే షరతన్నమాట.

మనకు ఈ వెయ్యి వీసాలు వచ్చిందీ 2022 చివర్లో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంతోనే. దాన్ని మరింత విస్తరించే చర్చలు నడుస్తున్నాయి. వెయ్యిని రెండు వేలు చేయమని అడిగే ముందు, బ్రిటన్‌కు ఇచ్చిన మినహాయింపు మాకూ ఇవ్వండని ఢిల్లీ అడగాలి.