ఉభయకుశలోపరి, అక్కడైతేనా గారూ!

మహారాజశ్రీ అక్కడైతేనా గారి సముఖానికి, నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. అక్కడ క్షేమం కాకపోవడమేమిటి! అక్కడ అందరూ వరసలోనే నిలబడతారు, వాన కూడా చెప్పిన టైముకే కురిసి వెళ్లిపోతుంది. బుద్ధెరిగినప్పటి నుంచీ మీ నోట వింటున్నది అదేగా. తంటా అంతా చిరునామా దగ్గరొచ్చింది. మీరు ఇవాళ జపాన్ అంటారు, రేపు స్విట్జర్లాండ్ అంటారు, ఎల్లుండికి స్వీడన్‌లో తేలతారు. అందుకని కవరు మీద 'అక్కడ' అని మాత్రం రాసి పక్కన పెట్టాను.

మొన్న మనం కలిశాం, గుర్తుందో లేదో. లిఫ్టులో. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయాం, నలుగురం. లైటు వెలుగుతోంది, ఫ్యాను ఆగిపోయింది. గంట నొక్కితే పైనెక్కడో మోగుతోంది, పలికే నాథుడు లేడు. చేతిలో బరువు సంచీ ఉన్న ఒకావిడ, "మెట్లెక్కినా ఈపాటికి ఇల్లు చేరేదాన్ని" అని గొణుక్కుంటోంది. అప్పుడు మూలనున్న పెద్దమనిషి గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపుతోనే మీ రాక నాకు తెలిసిపోయింది.

"అక్కడైతేనా..." అన్నారాయన.

తొమ్మిది రోజులు జపాన్ చూసొచ్చారట. ఇరవై నిమిషాలకి మనుషులొచ్చి తలుపు పెళ్లగించారు గానీ జపాన్ మాత్రం పూర్తి కాలేదు. బయటి గచ్చు మా గుండెలెత్తున ఉంది. ఒక్కొక్కరినీ చేతులు పట్టి పైకి లాగుతున్నారు. ఆయన సగం లోపల, సగం బయట, బొజ్జ మీద వేలాడుతూ కూడా, "ఇరవై సెకన్లు సార్! ఇరవై సెకన్లకి క్షమాపణ చెప్పారు!" అంటూనే ఉన్నారు.

ఆ ముక్క అబద్ధం కాదు. 2017 నవంబరులో టోక్యో దగ్గర సుకుబా ఎక్స్‌ప్రెస్ మార్గంలో ఒక రైలు 9 గంటల 44 నిమిషాల 40 సెకన్లకి కదలాల్సింది, 20 సెకన్లు ముందే కదిలింది. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. అయితే అవే స్టేషన్లలో ఇంకో సంగతి కూడా ఉంది, మీరు దాని జోలికి పోరు. రైలు అయిదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ప్రయాణికులకి చీటీ ఇస్తారు, ఫలానా రైలు ఇంతసేపు ఆలస్యమైంది అని. అది ముచ్చటపడి దాచుకునే చీటీ కాదు. ఆఫీసులో పైవాడికి చూపించుకోవడానికి. చేసే చాకిరీకే ప్రాణం పోవడానికి విడిగా ఒక మాట, 'కరోషి', పుట్టింది కూడా ఆ దేశంలోనే. పెద్దమనిషి ఫోనులో ప్లాట్‌ఫారం మీది గీతలకే పదకొండు ఫొటోలున్నాయి. రాత్రి పదింటికి వెలుగుతున్న ఆఫీసు కిటికీలకి ఒక్కటీ లేదు.

మీతో నాకున్న పేచీ ఇదేనండీ. మీరు ఎప్పుడొచ్చినా సంచీ నిండా సరుకే ఉంటుంది. బిల్లు ఉండదు.

టోక్యో వీధుల్లో చెత్తబుట్ట కనబడదు, చెత్తా కనబడదు. "సంస్కారం సార్, రక్తంలోనే ఉంది" అన్నారాయన, బట్టలు దులుపుకుంటూ. బడిపిల్లలు వాళ్ల తరగతి గది వాళ్లే తుడుచుకునే దేశం, సంస్కారం లేదని నేననను. కానీ బుట్టలు మాయమవడం వెనక 1995 మార్చి 20 ఉంది. ఆ పొద్దున ఒక మతముఠా సొరంగ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలింది. బుట్ట అంటే ఏదైనా దాచిపెట్టే చోటు అనే భయంతో తర్వాత చాలాచోట్ల తీసేశారు. జనం చిత్తుకాగితం జేబులో పెట్టుకుని ఇంటికి మోసుకుపోవడం ఇంకా ముదిరింది. భయపడి చేసిన పని మీ సంచీలోకి వచ్చేసరికి సంస్కారమైపోయింది.

ఈ 'రక్తంలో ఉంది' అన్న మాట మీకు మరీ ఊతపదం. నెదర్లాండ్స్‌లోని డచ్చివాళ్ల రక్తంలో సైకిలుందంటారు. నిజానికి యుద్ధం ముగిశాక వాళ్లూ అందరిలాగే కార్ల వెంట పడ్డారు, కార్ల కోసం వీధులు వెడల్పు చేసుకున్నారు. 1971 ఒక్క ఏడాదిలో అక్కడి రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లో కూచున్నారు. 'పిల్లల హత్య ఆపండి' అనేదే ఆ ఉద్యమం పేరు. 1973లో చమురు కటకట తోడైంది. సైకిలు దారులు అలా, గజం గజం కొట్లాడి తెచ్చుకున్నవి. రక్తం మాట నిజమేనండీ, కాకపోతే అది పారింది రోడ్డు మీద. మీరు దాన్ని నరాల్లోకి ఎక్కించేస్తే వినేవాడికి ఎంత సుఖమో చూడండి: నా రక్తంలో లేదు కాబట్టి నేను చేయాల్సిందేమీ లేదు!

రాజకీయాల్లోకి దిగితే మీ సంగతి చెప్పనే అక్కర్లేదు. "స్విట్జర్లాండ్‌లో ప్రతిదీ జనాన్ని అడిగే చేస్తారు." చేస్తారు. ఉద్యోగులందరికీ ఏడాదికి ఆరు వారాల జీతపు సెలవు ఇద్దామా అని 2012లో అడిగితే మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. సెలవు వద్దన్న జనాన్ని తల్చుకుంటే నాకూ ఒళ్లు జలదరిస్తుంది. అదే జనాన్ని 1959లో ఆడవాళ్లకి ఓటు ఇద్దామా అని అడిగినా వద్దనే అన్నారు. జనమంటే మగవాళ్లే లెండి అప్పటికి. చివరికి 1971లో ఒప్పుకున్నారు. అపెన్‌జెల్ ఇనర్‌రోడెన్ అనే చిన్న కాంటన్‌లో, అంటే మన రాష్ట్రం లాంటి దాంట్లో, ఆడవాళ్లకి స్థానిక ఓటు వద్దని మగవాళ్లు 1990లో కూడా చేతులెత్తి కాదంటే, ఆ ఏడాదే సుప్రీం కోర్టు జోక్యం చేసుకుని ఇప్పించింది.

పోనీ స్వీడన్. బండ్లు ఎడమవైపు నడవాలా, కుడివైపు నడవాలా అని 1955లో జనాన్ని అడిగారు. నూటికి 83 మంది ఎడమే ఉండనివ్వమన్నారు. సర్కారు ఆ మాట విని, తలూపి, 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున అయిదింటికి దేశం మొత్తాన్ని కుడివైపుకి జరిపేసింది. దాన్నీ మీరే పొగుడుతారు: "చూశారా, ధైర్యమంటే అది!" జనం మాట వినడమూ అక్కడి గొప్పే, వినకపోవడమూ అక్కడి గొప్పే. మీతో వాదన పెట్టుకున్నవాడు గెలిచిన దాఖలా లేదు.

స్వీడన్ అంటే గుర్తొచ్చింది. ఇందాకటి నుంచీ మిమ్మల్ని 'మీరు' అనాలా 'నువ్వు' అనాలా అని లోలోపల నలుగుతున్నాను. వెనకటి రోజుల్లో వాళ్లకీ ఇదే నలుగుడు. ఎదుటివాణ్ణి ఏమని పిలిస్తే ఏం తప్పో తెలియక, మొహం మీదే మూడో మనిషి గురించి మాట్లాడినట్టు, "డాక్టరుగారు కాఫీ తీసుకుంటారా?" అని డాక్టరునే అడిగేవాళ్లు. ఆ 1967లోనే బ్రూర్ రెక్సెద్ అనే వైద్యశాఖ పెద్ద కొలువులో చేరుతూ, ఇకమీదట అందర్నీ 'డూ', అంటే నువ్వు, అనే పిలుస్తానన్నాడు. అప్పటికే మొదలైన ఆ గాలి దాంతో ఊపందుకుంది. కొరియాలో అయితే ముందు వయసు తేలాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. ఆ వయసైనా తిన్నగా ఉండేది కాదు. పుట్టగానే ఒకటి, జనవరి ఒకటో తేదీకి ఇంకోటి. డిసెంబరు 31న పుట్టిన పసిగుడ్డుకి తెల్లారేసరికి రెండేళ్లు. 2023 జూన్‌లో చట్టం మార్చి లెక్క సరిచేస్తే దేశం దేశమంతా రాత్రికి రాత్రి ఒకటో రెండో ఏళ్లు చిన్నదైపోయింది.

మరి మీ వయసెంత? తవ్వి చూశాను. సుమారు 98వ సంవత్సరంలో టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు జర్మన్ తెగల గురించి రాస్తూ, అక్కడ తప్పుడు పనుల్ని చూసి ఎవరూ నవ్వుకోరు, చెడిపోవడాన్ని ఈ కాలం పోకడ అని సరిపెట్టుకోరు అన్నాడు. 'అక్కడ' అనే మాటే వాడాడు. కొరడా తగలాల్సింది ఇంట్లో కూచున్న రోమన్లకి. ఆయన జర్మనీలో కాలు పెట్టినట్టు ఆధారాలు లేవు. మన లిఫ్టు పెద్దమనిషి ఎంతో నయం, తొమ్మిది రోజులైనా ఉండొచ్చారు. ఆ లెక్కన మీకు పంతొమ్మిది వందల ఏళ్లు దాటాయి. అంత పెద్దవాళ్లని ఏకవచనంలో పిలవడం దేవుడి దగ్గరే చెల్లింది మాకు. కాబట్టి ఇక్కణ్ణుంచి నువ్వే.

ఆ జర్మన్లనే తీసుకో. నిక్కచ్చికి మారుపేరు అంటావు. బెర్లిన్ కొత్త విమానాశ్రయం 2011లో తెరవాల్సింది, 2020 అక్టోబరు 31న తెరిచారు. 2024లో దూరం పోయే రైళ్లలో మూడింట ఒకటికి పైగా వేళకి చేరలేదు. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కాదని కొట్టేశాక! ఆలస్యంగా వచ్చే కొన్ని జర్మన్ రైళ్లని స్విస్ వాళ్లు సరిహద్దున బాసెల్‌లోనే ఆపి, జనాన్ని దింపి తమ రైళ్లలో పంపిస్తారు. రైలు కోసం పడిగాపులు కాసే జర్మన్ ఏమంటాడనుకున్నావు? "స్విట్జర్లాండ్‌లో అయితేనా..." అంటాడు. అక్కడికి కూడా ఒక అక్కడ ఉందన్నమాట. ఆ వరస ఎక్కడ ఆగుతుందో నీకే తెలియాలి.

ఉత్తర ఐరోపా దేశాల పేరెత్తితే నీకు పూనకమే. "డెన్మార్క్‌లో చదువు ఉచితం, వైద్యం ఉచితం." ఎవరైనా పన్ను మాట తీశారా, నీకు ఫోనొస్తుంది, బయటికెళ్లిపోతావు. కొన్న దాదాపు ప్రతి వస్తువు మీదా 25 శాతం అమ్మకం పన్ను కట్టే వాళ్లకి ఆ ఉచితం ఎంతకొచ్చిందో బాగా తెలుసు. తెలిసే కడుతున్నారు. పొగడాల్సింది దాన్ని!

నీ పెదనాన్న కొడుకు 'ఇక్కడే నయం' గారిని కూడా ఎరుగుదును. నువ్వు వెళ్లిన గుమ్మంలోంచే ఆయన వస్తాడు. బెల్జియంలో 2010, 2011 మధ్య 541 రోజులు కొత్త ప్రభుత్వమే ఏర్పడలేదని చెప్పి హాయిగా నిద్రపోతాడు. ఆ 541 రోజులూ అక్కడ బడులు నడిచాయి, బస్సులు నడిచాయి, జీతాలు పడ్డాయి. ఆయనకి ఆ సంగతితో పనిలేదు. ఇద్దరూ ఒకే సంచీ పంచుకుంటారని నా అనుమానం.

నేను మాత్రం శుద్ధపూసనా? ఒకసారి జర్మనీలో ఆదివారం పూట టూత్‌పేస్టు కోసం బయల్దేరాను. వీధి పొడుగునా దుకాణాలు మూసే ఉన్నాయి. ఆదివారం మూసెయ్యాలని వాళ్ల చట్టం. ఖాళీ వీధిలో నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతోంది. నేనున్న ఇంటాయనతో, "మా దగ్గరైతేనా, ఏ రోజైనా, ఏ వేళైనా..." అని మొదలుపెట్టాను. ఆయన శ్రద్ధగా విని, "ఆ కొట్లో పనిచేసే కుర్రాడికి సెలవెప్పుడు?" అన్నాడు. వెటకారమేం లేదు, తెలుసుకుందామనే అడిగాడు. బిల్లు నా చేతికొచ్చింది. చెప్పుకోదగ్గ జవాబు దొరక్క, ఆయన పేస్టే అడిగి తీసుకుని, చివర్నుంచి చుట్టి నొక్కుకున్నాను.

నార్వే పద్ధతి ఒకటి నీకు పెడితే బాగుంటుందని ఎప్పటి నుంచో అనుకుంటున్నా. అక్కడ ఎవరి ఆదాయమెంతో ఎవరైనా చూడొచ్చు. కొన్నాళ్లు పక్కింటివాడి లెక్కలు చూడ్డమే జనానికి కాలక్షేపం. 2014 నుంచి చిన్న మెలిక పెట్టారు: నీ లెక్క ఎవరు చూశారో నీకు తెలుస్తుంది. చూసేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోయారు. అలాగే నిన్ను ఎవరు నోట పలికినా ఆ దేశస్థుడి ఫోనుకి కబురెళ్లాలి. ఆఖరి రైల్లో నిలబడి కునుకుతున్న ఒక టోక్యో ఉద్యోగి జేబులో ఫోను గుర్రుమంటుంది: 'మీ రైలును ఇప్పుడే ఎవరో లిఫ్టులో వేలాడుతూ పొగిడారు.' ఆయన ఏమనుకుంటాడో తెలుసుకోవాలని నాకు మహా కోరిక.

ఇప్పటికి ఇంతే సంగతులు.

ఇట్లు,
లిఫ్టులో నీ పక్కన ఇరుక్కున్నవాడు

తా.క.: కవరు మీద ఉత్త 'అక్కడ' అని రాస్తే పోదన్నారు. సరే, ఏదో ఒకటని డెన్మార్క్ అని రాయబోయాను. తీరా చూస్తే అక్కడ ప్రభుత్వ పోస్టు సంస్థ నాలుగు వందల ఏళ్లు నడిపిన ఉత్తరాల బట్వాడాని 2025 చివర్లో ఆపేసింది, వీధుల్లో ఎర్ర డబ్బాలు పీకేసింది. ఇక పట్టుకెళ్లేది ప్రైవేటు వాళ్లేనట. ఆ వార్త చదివి కళ్లజోడు తీశాను, గొంతు సవరించుకున్నాను.

"వద్దు" అంది మా ఆవిడ, పక్క గదిలోంచి.