సవరణ: ప్రజ్ఞాన్ చెడిపోలేదు, తొలి రోవరూ కాదు

అమలాపురం బడిపిల్లలు చేసిన రోవర్ (చంద్రుడి నేల మీద తిరిగే యంత్రపు బండి) నమూనాల మీద మొన్న వచ్చిన పోస్టులో ‘చంద్రుడిపై తిరిగిన తొలి రోవర్ ప్రజ్ఞాన్, రెండు వారాలకే చెడిపోయింది’ అని ఉంది. తొలి రోవర్ సోవియట్ యూనియన్ పంపిన లూనోఖోద్-1. ఎనిమిది చక్రాల ఆ బండి 1970 నవంబరులో దిగి, పది కిలోమీటర్లకు పైగా నడిచింది. దక్షిణ ధ్రువానికి చేరువలో తిరిగిన మొదటిది మాత్రం మన ప్రజ్ఞానే.

ఇక ‘చెడిపోయింది’ అనడం అన్యాయం. 26 కిలోల ఈ రోవర్‌ను ఒక్క చాంద్ర పగటి కోసమే, అంటే మన లెక్కలో సుమారు 14 రోజుల కోసమే తయారుచేశారు. అది ఎండతో నడిచేది. రాత్రి చలి సున్నాకు వంద డిగ్రీలకు పైగా దిగువకు పోతుంది. లూనోఖోద్‌లో వెచ్చదనానికి పొలోనియం అనే, తనంతట తానే వేడినిచ్చే రేడియోధార్మిక పదార్థం ఉండేది, ప్రజ్ఞాన్‌లో అలాంటిదేమీ లేదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక ప్రజ్ఞాన్ వంద మీటర్లు దాటి నడిచింది, సెప్టెంబరు మొదట్లో దాన్ని నిద్రపుచ్చారు. మళ్లీ తెల్లవారాక లేస్తే అది అదనపు లాభమే అనుకున్నారు. లేవలేదు.

రోవర్ చక్రాలు దమ్ము ట్రాక్టరు ఇనుప చక్రాల్లాంటివేనా అని రాజోలు నుంచి ఒకరు అడిగారు. పట్టు కోసం అంచులుండటం వరకే పోలిక. అక్కడ బురద లేదు, పొడి దుమ్మే.