టీకా వేయించే పూచీ ఆసుపత్రిదే

వైద్య సిబ్బందికి టీకా తప్పనిసరి చేయొచ్చా? కొవిడ్ నాడు రేగిన ఈ వాదన ఇంకా చల్లారలేదు. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, శరీరంపై హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని 2022 మే 2న సుప్రీంకోర్టు తేల్చింది. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు విధించే వీలునూ ప్రభుత్వాలకు ఉంచింది. సరైన తీర్పే. కానీ ఈ రచ్చలో, రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి మాట మరుగున పడింది.

అందులో నిర్బంధం ఉన్నది సిబ్బంది మీద కాదు, యాజమాన్యం మీద. ఆసుపత్రి వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు ఆసుపత్రే వేయించాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

వైరస్ ఉన్న రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే ముప్పు దాదాపు 0.3 శాతం. టీకా లేనివారికి హెపటైటిస్-బి ముప్పు 6 నుంచి 30 శాతం. ఎండిన రక్తపు మరకలోనూ ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. సూదులు వేయాల్సింది గట్టి తెల్ల డబ్బాలో. హడావుడిలో ఒకటి ప్లాస్టిక్ వ్యర్థాల ఎర్ర సంచిలో పడిందంటే, తెల్లారి ఆ సంచి మూతి ముడేసి మోసుకెళ్లే కార్మికురాలి కాలిలో దిగుతుంది. కాంట్రాక్టరు మనిషి కదా అని టీకా జాబితాలో ఆమె పేరే రాయకపోవడం అన్యాయం.

హెపటైటిస్-బి టీకా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. తప్పిపోయేది ఆ మూడోదే. అప్పటికి కాంట్రాక్టు మారుతుంది, గుర్తుచేసే నాథుడుండడు. సూది భుజం కండలోనే వేయాలి, పిరుదుకు వేస్తే ఫలితం తగ్గుతుంది. టీకా 2-8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిన సీసాను పారేయాల్సిందే. చివరి డోసు వేశాక 1-2 నెలలకు, టీకా పనిచేసిందో లేదో తేల్చే యాంటీబాడీ రక్తపరీక్ష చేయించాలి. లీటరుకు 10 అంతర్జాతీయ యూనిట్లకు తక్కువొస్తే మళ్లీ మూడు డోసులు వేయాలి.

వద్దనేవారి సంగతి? అమెరికాలో 1991 నుంచే దారి ఉంది. రక్తంతో పని ఉన్నవారికి విధుల్లో చేరిన 10 పనిదినాల్లో యజమాని ఉచితంగా టీకా ఇవ్వజూపాలి. వద్దంటే సంతకం చేయించుకోవాలి. తర్వాత మనసు మార్చుకున్నా ఉచితంగానే వేయాలి. ఇక్కడా అదే పద్ధతి రావాలి. 1997లో దేశీయ హెపటైటిస్-బి టీకాను శాంతా బయోటెక్నిక్స్ తెచ్చింది హైదరాబాద్‌ నుంచే. ఖర్చు సాకు చెల్లదు.

ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ పునరుద్ధరించే అధికారులు ముందు టీకా రిజిస్టరు అడగాలి. మూడు తేదీలు, యాంటీబాడీ ఫలితం, కాదన్నవారి సంతకం అందులో కనబడాలి. కాంట్రాక్టు కార్మికుల పేర్లు లేని రిజిస్టరును అక్కడికక్కడే వెనక్కి పంపాలి.