శ్రీయుత ‘ఎందుకైనా మంచిది’ గారికి

అయ్యా,

మా డేటా సెంటర్‌లో మీకు ఉద్యోగం లేదు, జీతం లేదు, ఐడీ కార్డు కూడా లేదు. అయినా ఏ మీటింగులోనైనా చివరి మాట మీదే.

మొన్న ఒక చాట్ సర్వీసుకు లెక్క వేశాం. రద్దీ పీక్‌లో ఉన్నప్పుడు కూడా 40 సర్వర్లు చాలని తేలింది. డెవలపర్ 50 అన్నాడు, మేనేజర్ 60 అన్నాడు, ఆయన పైఆయన 80కి సంతకం పెట్టేశాడు. కారణం అడిగితే ముగ్గురూ మీ పేరే చెప్పారు.

తెల్లవారుజామున 3 గంటలకు డ్యాష్‌బోర్డు చూస్తే, 80 సర్వర్లూ ఆరేడు శాతం పనితో కునికిపాట్లు పడుతుంటాయి. ఫ్యాన్ల హోరు మాత్రం తగ్గదు. పొదుపుగా తయారుచేసిన సర్వర్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు, ఫుల్ లోడ్‌లో వాడే కరెంటులో సగం దాకా లాగుతుందని గూగుల్ ఇంజనీర్లు బరోసో, హోల్జ్‌లె 2007లోనే రాశారు. ఆ వేడిని బయటికి తోలడానికయ్యే కరెంటు వేరే.

మీకు తోడు రౌండ్ రాబిన్ ఒకడు. మనిషి కాదు, పని పంచే పద్ధతి. వచ్చిన రిక్వెస్టులను సర్వర్లకు తలా ఒకటి చొప్పున పంచేస్తాడు. వాడి ధర్మమా అని ఎవరికీ చేతినిండా పని ఉండదు, ఎవరికీ నిద్రా ఉండదు. రాత్రిపూట ఆ కాస్త పనినీ ఓ 12 సర్వర్లకు అప్పగించి మిగతావాటిని పడుకోబెట్టొచ్చు.

ఒకసారి పడుకోబెట్టాం కూడా. చాట్‌లో ఒక్కో యూజర్ కనెక్షన్ గంటల తరబడి ఒకే సర్వర్‌ను పట్టుకుని వేలాడుతుంది. ఒక్కసారిగా స్విచ్ ఆపేసరికి కనెక్షన్లన్నీ తెగి, అందరి యాప్‌లూ ఒకేసారి లాగిన్ మీద పడ్డాయి. ఆపడం తప్పు కాదు, ఆపిన తీరు తప్పు. కొన్ని గంటల ముందే ఆపబోయే సర్వర్లకు కొత్త లాగిన్లు పంపడం మానేసి ఉంటే, పాతవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి ఏ కొద్దిమందో మిగిలేవారు. లేపడం కూడా అంతే. సర్వర్ లేచి పనిలో పడటానికి నిమిషాలు పడుతుంది కాబట్టి, పొద్దుటి రద్దీ మొదలవకముందే లేపాలి. ఆ రద్దీ ఎప్పుడొస్తుందో నిన్నటి గ్రాఫే చెబుతుంది. ఆ గొడవ మీద రాసిన రిపోర్టులో ఇవేవీ రాలేదు. ‘ఇకపై సర్వర్లు ఆపరాదు’ అని ఒక్క లైను వచ్చింది. అది మీ దస్తూరీయే, గుర్తుపట్టాను.

మిమ్మల్ని పూర్తిగా వద్దనను. ఉన్నట్టుండి లోడ్ పెరిగితే ఆదుకునేది కాస్త మిగులే. లెక్కగట్టి ఉంచుకుంటే దాన్ని మార్జిన్ అంటారు. లెక్కాపత్రం లేకపోతే మీ పేరు పెడతారు.

చివరి ర్యాక్‌లో ఒక సర్వర్ ఉంది. ఎవరిదో ఎవరికీ తెలీదు. ఏడాదిగా దానికి ఒక్క రిక్వెస్టూ రాలేదు. ముందు అతికించిన కాగితం మీద ‘ఆపవద్దు’ అన్న బాల్‌పెన్ రాత వెలిసిపోయి, ‘వద్దు’ ఒక్కటే కనిపిస్తోంది. నిన్న రాత్రి ఎవరూ లేనప్పుడు పవర్ బటన్ మీద వేలు పెట్టాను. కాసేపు అలాగే ఉంచి, తీసేశాను.

ఎందుకో మీకు చెప్పక్కర్లేదు కదా.

ఇట్లు,
నైట్ షిఫ్ట్ ఇంజనీరు