సినిమా తాకట్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సినిమా తాకట్టు గారి సముఖమునకు, హైదరాబాదు యూసుఫ్‌గూడ నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం శుక్రవారం మ్యాట్నీ వదిలాక గానీ తెలియదు కాబట్టి అడగడం లేదు.

ఈమధ్య మీరు మా ఊళ్లో కొత్త సూటు వేసుకుని తిరుగుతున్నారు. గచ్చిబౌలి వైపు స్టార్ హోటళ్లలో కుర్రాళ్లు ప్రొజెక్టర్ పెట్టి మరీ మిమ్మల్ని చూపిస్తున్నారు. హాలీవుడ్‌లో పెద్ద పెద్ద స్టూడియోలకు మనం అప్పిస్తామట, సినిమా హక్కులు మన దగ్గర తాకట్టు ఉంటాయట, వడ్డీ డాలర్లలో వస్తుందట. మా బావమరిది అక్కడ భోజనం చేసి వచ్చి, "అట్ల భయపడకు బావా, ఇది షేర్ మార్కెట్ లెక్క కాదు, సెక్యూర్డ్. టెన్షనే లేదు" అన్నాడు. శంకర్‌పల్లి వైపు ప్లాటు అమ్మిన డబ్బు అతని చేతిలో ఉంది. డబ్బు చేతిలో ఉన్నవాడికి టెన్షన్ లేదంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

మీరేమో మాకు కొత్తవారు కాదు. రీళ్ల కాలంలో మీ పేరు ల్యాబ్ లెటర్. నిర్మాత ఫైనాన్షియర్ దగ్గర రెండు రూపాయల వడ్డీకో మూడు రూపాయల వడ్డీకో డబ్బు తెచ్చేవాడు. రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది గానీ అది నెలకు నూటికి రెండు, ఏడాదికి 24. అందుకు హామీగా నెగటివ్ ల్యాబ్‌లోనే ఉండేది, ఫైనాన్షియర్ సరే అనేదాకా ప్రింట్లు బయటికి పంపబోమని ల్యాబ్ వాళ్లు కాగితం రాసిచ్చేవారు. ఇప్పుడు ప్రింట్ల డబ్బాలు పోయి హార్డ్ డిస్కులొచ్చాయి. కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి వస్తే తప్ప థియేటర్లో బొమ్మ పడదు.

సామాను మారింది, సీను మాత్రం అదే. విడుదల ముందు రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో అభిమానులు పాల ప్యాకెట్లు పట్టుకుని కటౌటు కింద నిలబడి ఉంటారు. ఫిల్మ్‌నగర్‌లో ఏదో ఆఫీసులో ఆ రాత్రంతా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. తెలంగాణ హక్కులు కొన్న నైజాం బయ్యర్ ఇంకా కొంత కట్టాలి, రాయలసీమ కొన్న సీడెడ్ ఆయన ఫోన్ ఎత్తడు, హీరోగారు రావలసిన పారితోషికంలో కొంత వదులుకుంటానని మేనేజరుతో కబురు పంపుతారు, ఫైనాన్షియర్ సోఫాలో కూర్చుని టీ తాగుతుంటాడు. ఆ రాత్రి మీ దర్జా చూడాలి! ముఖ్యమంత్రి ఫోన్ చేసినా మీరు కదిలేలా ఉండరు. తెల్లారి ఆట పడగానే ఆ దర్జా ఎక్కడికి పోతుందన్నదే నా అనుమానం.

బంగారం సంగతి చూడండి. మా పక్కింటావిడ గాజులు తాకట్టు పెట్టి కొడుక్కి ఫీజు కట్టింది. వాళ్లాయన ఉద్యోగం పోయినంత మాత్రాన గాజుల బరువు తగ్గలేదు. బాకీ తీరకపోతే అప్పిచ్చినవాడు గాజులు అమ్ముకుంటాడు, కథ అంతటితో సరి. మీ దగ్గర లెక్క వేరు. నిర్మాత బాకీ తీర్చలేడంటే సినిమా పోయిందని అర్థం. సినిమా పోయిందంటే దాని హక్కులూ పోయినట్టే. అప్పు తీసుకున్నవాడూ, అప్పుకు హామీగా నిలబడ్డ మీరూ ఒకే శుక్రవారం, ఒకే ఆటకు మంచాన పడతారు. సినిమా ఆడితేనో, మీ అవసరమే ఎవరికీ రాదు. ఇంత వింతైన పూచీదారుణ్ని నేనెక్కడా చూడలేదు.

పోనీ విడుదల కాని సినిమాను జప్తు చేశామే అనుకుందాం. దాన్ని ఏం చేసుకోవాలి? బీరువాలో పెడితే వడ్డీ పెట్టదు. అమ్మాలంటే విడుదల చెయ్యాలి. విడుదలంటే పోస్టర్లు, ట్రైలర్ ఈవెంటు, థియేటర్ల అద్దె. అసలు రాబట్టుకోవడానికి మళ్లీ కొత్త అప్పు. ఆ దశకు వచ్చిన ఫైనాన్షియర్‌ని మా వైపు నిర్మాత అంటారు.

బ్రోచర్‌లో మీ గొప్పలు చదివాను, ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. 1937లో డిస్నీ తన మొదటి పూర్తి నిడివి బొమ్మల సినిమా తీస్తుంటే డబ్బు చాలక, సగం సగం రీళ్లు బ్యాంకు అధికారికి చూపించి అప్పు తెచ్చుకున్నాడు. అప్పటికే ఇల్లు కూడా తాకట్టులో ఉంది. ఖర్చు దాదాపు 15 లక్షల డాలర్లు, ఊరంతా అది డిస్నీ పిచ్చి అంది. సినిమా ఆడింది, బ్యాంకు బాగుపడింది. 2005లో కామిక్ పుస్తకాల కంపెనీ మార్వెల్ వాళ్లు 52.5 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటు చేసుకున్నప్పుడు పది పాత్రల సినిమా హక్కులు మీ చేతిలో పెట్టారు. అందులో కెప్టెన్ అమెరికా, బ్లాక్ పాంథర్ కూడా ఉన్నారు. సినిమాలు పోతే అప్పిచ్చినవాళ్లు ఆ పాత్రల్ని పట్టుకుపోవాలే గానీ కంపెనీ మిగతా ఆస్తి జోలికి రాకూడదు. నాలుగేళ్లకు డిస్నీ ఆ కంపెనీని 400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మన పౌరాణికాలు తీసినవాళ్లకు ఈ ఉపాయం తట్టి ఉంటే కృష్ణుడి సుదర్శనం మద్రాసు సౌకార్పేటలో ఏ వడ్డీ వ్యాపారి గద్దీలోనో కుదువలో ఉండేది. మంచిదే అయింది.

ఆ బ్రోచర్‌లో హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం పేజీ ఒక్కటి కనిపించలేదు. ప్రింటింగులో జారిపోయిందేమో. 1990లో ఒక ఇటలీ పెద్దమనిషి ఫ్రాన్స్ బ్యాంకు క్రెడి లియోనే అప్పుతో ఆ సింహం బొమ్మ స్టూడియోను కొన్నాడు. ఆయన బాకీ కట్టలేకపోవడంతో 1992కల్లా స్టూడియోనే బ్యాంకు నెత్తిన పడింది. 1996లో 130 కోట్ల డాలర్లకు వదిలించుకునేలోపు బ్యాంకువాళ్లు సినిమాలు కూడా తీయించాల్సి వచ్చింది.

రెండో భాగం ఇంకా బావుంటుంది. 2005లో మరికొందరు అదే స్టూడియోను భారీ అప్పుతో కొన్నారు. ధైర్యమేమిటంటే పాత సినిమాల లైబ్రరీ, వాటి డీవీడీల మీద వచ్చే ఆదాయం. ఇంతకన్నా గట్టి తాకట్టు ఉంటుందా? ఆడేసిన సినిమాలు మళ్లీ ఫ్లాపవవు కదా. సినిమాలు ఫ్లాపవలేదు, డీవీడీయే ఫ్లాపయింది. 2010 నవంబరులో దాదాపు 400 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా కోర్టుకెక్కారు. అప్పిచ్చినవాళ్లకు డబ్బుకు బదులు కంపెనీలో వాటాలు దక్కాయి. ఓపిక పట్టినవాళ్లకు 2022లో అమెజాన్ వచ్చి 845 కోట్ల డాలర్లకు కొనేసరికి ఫలితం దక్కిందనుకోండి. కానీ వడ్డీ కోసం వెళ్లినవాళ్లు పన్నెండేళ్లు స్టూడియో ఓనర్లుగా బతకాలని ఏ బ్రోచర్లోనూ ముందుగా రాయరు. మా బావమరిది వయసు యాభై ఆరు.

ఇది అమెరికా గోల అని నవ్వుకోవడానికీ లేదు. కరోనా తర్వాత ఓటీటీలు ఎగబడి కొంటుంటే ఆ రేట్లు శాశ్వతమనుకుని మనవాళ్లు హీరో పారితోషికాలు పెంచారు, ఆ రేట్లనే చూపించి అప్పులు తెచ్చారు. ఓటీటీలు చెయ్యి బిగించాయి. పారితోషికం మాత్రం దిగలేదు, మెట్లు ఎక్కడమే దానికి వచ్చు.

1998లో కేంద్రం సినిమాను పరిశ్రమగా గుర్తిస్తామంది, 2000లో ఐడీబీఐ లాంటి సంస్థలు అప్పివ్వడానికి దారి తెరిచింది. బ్యాంకువాళ్లు స్క్రిప్టు, అగ్రిమెంట్లు, ఇన్సూరెన్సు, తెల్ల లెక్కలు అడిగారు. స్క్రిప్టు వరకైతే ఎలాగో తెచ్చేవాళ్లం. అందుకే మా దగ్గర మీకు అసలు బలమంతా నేలలో ఉంది. అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలైనప్పుడు చుట్టూ బండరాళ్లు. ఈ రోజు ఆ పక్కన గజం ధర వింటే సినిమా తీయడం మానేసి కంచె వేసుకోవాలనిపిస్తుంది. నిర్మాత ప్లాటు కాగితాలు తెస్తే ఫైనాన్షియర్ కథ కూడా వినడు. అంటే కథ మీద నమ్మకం లేని అప్పే మీలో గట్టి రకం.

ఇక వసూళ్లు పంచుకునేటప్పుడు మీరు నిలబడే వరుస. థియేటర్ తన వాటా తీసుకుంటుంది, పంపిణీదారు కమిషన్ పట్టుకుంటాడు, పబ్లిసిటీ ఖర్చు వెనక్కి పోతుంది, ముందు వరుసలో ఉన్న బ్యాంకు కడుపు నింపుకుంటుంది. ఆ తర్వాత, ఏమైనా మిగిలితే, గచ్చిబౌలి భోజనం తిన్నవాళ్లు. పైగా పోస్టర్ మీద స్టూడియో పేరు సింహమంత ఉంటుంది గానీ అప్పు కాగితం మీద చాలాసార్లు నాలుగు సినిమాల కోసం పెట్టిన చిన్న కంపెనీ పేరుంటుంది. డిస్నీ, సోనీ లాంటివాళ్లకు డబ్బు కావలసివస్తే కంపెనీ పేరు మీదే బాండ్లు అమ్ముకుంటారు, శంకర్‌పల్లి ప్లాటు కోసం ఎదురుచూడరు. మన దగ్గరికి వచ్చిందేదో అక్కడ అప్పులిచ్చే పెద్దలంతా చూసి పక్కన పెట్టాక వచ్చిందేనని నా లెక్క.

రిజర్వు బ్యాంకు ఒక్కో మనిషిని ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా దేశం బయటికి పంపుకోనిస్తుంది. మా వాడు ఆ గీత దాకా వెళ్లాలని ఉబలాటపడుతున్నాడు. అంతకు ముందు మీరు దయచేసి ఈ నాలుగు ముక్కలు రాసి పంపండి. అప్పు రాసుకున్న కంపెనీ పేరేమిటి? మీకన్నా ముందు వరుసలో ఎవరెవరున్నారు? సినిమా మధ్యలో ఆగిపోతే పూర్తి చేయించే గ్యారంటీ ఎవరిచ్చారు? హక్కుల మీద మీ పేరు అమెరికా కాపీరైట్ ఆఫీసులో నమోదయిందా, లేక బ్రోచర్లోనేనా? జవాబు ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు, నేను చదివి పెడతాను. బావమరిది చదవడు, వాడు సంతకం పెట్టే చోటు ఎక్కడని మాత్రం అడుగుతాడు.

ఇట్లు,
ప్రతి సినిమాకూ ముందే డబ్బు కట్టి, ఏ హామీ అడక్కుండా చీకట్లో కూర్చునే
ఒక అన్‌సెక్యూర్డ్ ప్రేక్షకుడు