లోగో ఉంటే చాలదు, విజువల్ ఎక్కడిదో చెప్పాలి

భారత్, పాకిస్తాన్ ఘర్షణ నడుస్తున్న 2025 మే 8 రాత్రి టీవీ చూసినవాళ్లకు కరాచీ పోర్టు తగలబడుతోందన్న బ్రేకింగ్ గుర్తుండే ఉంటుంది. ఆ పేరుతో తిరిగిన క్లిప్పుల్లో ఒకటి, అదే ఏడాది జనవరి 31న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విమానం కూలినప్పటిది. ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు కూడా యుద్ధ దృశ్యాలుగా చెలామణి అయ్యాయి. అంతకుముందు 2021 సెప్టెంబర్‌లో, అఫ్గానిస్తాన్‌లోని పంజ్‌షీర్‌పై పాకిస్తాన్ దాడి అంటూ మన దేశంలోని కొన్ని ఛానెళ్లు ఆ గేమ్‌నే చూపించాయి. దాన్ని తయారుచేసిన చెక్ కంపెనీ బొహీమియా ఇంటరాక్టివ్ 2022లో, మా గేమ్‌ను యుద్ధమని నమ్మకండి అని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

ఏఐతో తయారుచేసే నకిలీ వీడియోలు, అంటే డీప్‌ఫేక్‌ల గురించి మనకు చాలా టెన్షన్ ఉంది, ఉండాలి కూడా. కానీ ఫిలడెల్ఫియా మంటల్లో ఏఐ చేసిందేమీ లేదు. మంటలు నిజమే, ఊరు పేరే అబద్ధం. కాబట్టి ఇది నకిలీయా అని అడిగితే సరిపోదు. ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, మన దాకా ఎలా వచ్చింది అని అడగాలి.

ఈ ప్రశ్నలకు జవాబును వీడియో ఫైల్‌లోనే దాచే పద్ధతి ఒకటుంది. అడోబీ, బీబీసీ, మైక్రోసాఫ్ట్, ఇంటెల్ వంటి సంస్థలు 2021లో సీ2పీఏ అనే కూటమిగా ఏర్పడి దానికి ప్రమాణాలు రాశాయి. ఫైల్‌కు డిజిటల్ సంతకం పడుతుంది. ఎప్పుడు, ఏ పరికరంతో తీశారు, తర్వాత ఏం మార్చారు అన్న వివరాలు దాంతో పాటే వెళ్తాయి. 2023లో కెమెరాల కంపెనీ లైకా ఈ సదుపాయంతో కెమెరా తెచ్చింది.

ఇది మంత్రదండం కాదు. నికాన్ కెమెరా ఒకదానిలో, తనది కాని చిత్రానికీ సంతకం వేయించే లోపం 2025లో బయటపడింది. కంపెనీ అప్పటికే ఇచ్చిన సర్టిఫికెట్లను రద్దు చేసింది. పైగా సంతకం చెప్పేది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే, నిజమా కాదా అన్నది కాదు. తప్పుడు విజువల్‌కు ఛానెల్ సంతకం చేస్తే అది సంతకం ఉన్న తప్పుడు విజువల్ అవుతుంది.

అందుకే నా దృష్టిలో అసలు పని కంట్రోల్ రూమ్‌లో లేదు, మండలాల్లో ఉంది. స్ట్రింగర్, అంటే ఛానెల్‌కు వార్తలు పంపే స్థానిక విలేకరి, ఫోన్‌లో తీసిన విజువల్స్ చాలావరకు వాట్సాప్‌లోనే డెస్క్‌కు చేరతాయి. మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోను కుదించి, ఫైల్‌లోని వివరాలను తీసేస్తుంది. స్థానికులు తీసింది స్ట్రింగర్‌కు చేరేలోపు ఎన్ని గ్రూపులు తిరిగిందో ఎవరికీ తెలియదు. అదే వీడియోను డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ మారకుండా వస్తుంది. డేటా ఎక్కువవుతుంది, రెండు మూడు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ డేటా ఖర్చు యాజమాన్యం భరించాలి, ఆలస్యానికి స్ట్రింగర్‌ను తిట్టకూడదు. పక్క ఛానెల్‌లో వచ్చేసింది, మనదెక్కడ అని ఫోన్‌లో అరిచే ఇన్‌పుట్ డెస్క్ ఉన్నంతకాలం ఏ ప్రమాణమూ పనిచేయదు.

ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే లోగో మీద నమ్మకం ఎప్పుడో పోయింది. ఎన్నికలొస్తే చాలు, పత్రికల క్లిప్పింగులు, ఛానెళ్ల బ్రేకింగ్ ప్లేట్లు (స్క్రీన్ మీద బ్రేకింగ్ వార్త వేసే పట్టీలు) నకిలీవి పుట్టుకొస్తాయి. వార్తల యాప్ వే2న్యూస్ పేరుతో ఇలాంటివి ఎన్నో వచ్చాయి. ఆ సంస్థ తన కథనాలకు ఒక లింక్ ఇస్తుంది, అది తెరిస్తే ఆ వార్త నిజంగా తామే ఇచ్చామో లేదో తేలిపోతుంది. చిన్న ఏర్పాటే, కానీ పనికొచ్చేది. తెలుగు ఛానెళ్లు ప్రతి బ్రేకింగ్ ప్లేట్ మీదా ఒక క్యూఆర్ కోడ్ వేసి ఇదే పని చేయవచ్చు.

ఇంకొకటి రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. పాత దృశ్యాలకు ‘ఫైల్ విజువల్స్’ అని వేస్తున్నట్టే, బయటి నుంచి వచ్చిన ప్రతి క్లిప్ మీదా ఎవరు పంపారు, ఏ ఊరు, ఏ తేదీ అని స్క్రీన్ మీద వేయాలి. తెలియకపోతే ‘ధ్రువీకరించలేదు’ అని వేయాలి. అది కూడా మూలన కనిపించీ కనిపించని అక్షరాల్లో కాదు, బ్రేకింగ్ అన్న మాట ఎంత సైజులో ఉంటే అంత సైజులో.